విహారం ఎవరిది? చాకిరీ ఎవరిది?

అడవి ఇవాళ టిక్కెట్టు కొని చూసే చోటయింది. బొర్రా, మారేడుమిల్లి, తలకోన, బైర్లూటి, ఫరహాబాద్, తాడ్వాయి, బొగత - ఎక్కడికి వెళ్ళినా ముందు కనిపించేది ఒక గేటు, ఒక కౌంటరు, మనిషికింత, బండికింత అని రాసిన బోర్డు. గేటు దాటాక కుటీరాలు, కాలిబాటలు, భోజనశాల. ప్రభుత్వాలు దీనికి పెట్టిన పేరు పర్యావరణ పర్యాటకం. దీనివల్ల మూడు మేళ్ళు జరుగుతాయని చెబుతున్నారు: అడవి బాగుపడుతుంది, ఆదివాసులకు ఉపాధి దొరుకుతుంది, స్త్రీలకు సాధికారత వస్తుంది. మొదటి రెండింటి గురించి పర్యావరణవేత్తలూ హక్కుల సంఘాలూ ఎంతో కొంత మాట్లాడుతూనే ఉన్నారు. మూడోదాన్ని నిలదీసి అడిగేవాళ్ళు తక్కువ. కరపత్రం మీద బొమ్మగా స్త్రీ ఉంటే చాలు, జమాఖర్చుల్లో ఉందో లేదో చూడనక్కర్లేదన్నట్టు సాగిపోతోంది. ఆ జమాఖర్చులు అడగడానికే ఈ సంపాదకీయం.

ముందుగా ఒక మాట. విహారానికి మనం వ్యతిరేకులం కాదు. తీరిక అనేది స్త్రీలకు ఎన్నడూ ఎవరూ ఇవ్వని హక్కు. ఇంటి చాకిరీ, బయటి పని అయ్యాక మిగిలే గంటను కూడా పిల్లల చదువుకో, అత్తమామల మందులకో ఖర్చు పెట్టే ఆడవాళ్ళకు, ఎవరి అజమాయిషీ లేకుండా నాలుగు చెట్ల మధ్య నడవగలగడం చిన్న విషయం కాదు. అందుకే ప్రజల అడవిలో ప్రజలకు విహారం ఉండాలి. అయితే ఆ విహారం ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఆదాయం ఎవరికి చేరుతోంది, నిర్ణయం ఎవరిది అని అడగకుండా ఆనందించడం సాధ్యం కాదు. నగరం నుంచి వెళ్ళిన స్త్రీ తీరిక, అక్కడి ఆదివాసీ స్త్రీ వెట్టి మీద నిలబడకూడదు.

అడవిని కొందరి వినోదానికి కేటాయించడం కొత్త సంగతి కాదు. బ్రిటిష్ వాళ్ళు రిజర్వు అడవులు ప్రకటించి పోడునూ, పుల్లల మోపునూ నేరం చేశారు. అదే అడవిలో దొరల వేటకు మాత్రం అనుమతులుండేవి. సంస్థానాల్లో రాజులకు, నవాబులకు వేట విడిదులుండేవి. గూడెం కొండల్లో రోడ్డు వేయడానికి ఆదివాసులను అరకొర కూలికి లాక్కుపోవడం 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మొదలైన తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. ఆ కొండల్లో ఇవాళ చలికాలపు మంచు చూడటానికి కార్లు బారులు తీరుతున్నాయి. అప్పటి అధికారికీ ఇప్పటి యాత్రికుడికీ పోలిక పెట్టడం మన ఉద్దేశం కాదు. రోడ్డు ఎవరి కోసం, కూలి ఎవరిది అన్న ప్రశ్న మాత్రం వందేళ్ళ తర్వాత కూడా అలాగే ఉంది.

మన రాష్ట్రంలో అడవి నిర్వహణలో ప్రజల భాగస్వామ్యం అన్న మాట 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యంతో వచ్చింది. వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002లో ప్రపంచబ్యాంకు రుణంతో అదే పథకం సామాజిక అటవీ యాజమాన్యంగా పేరు మార్చుకుంది. ఈ ఏర్పాటులోంచే కొన్నిచోట్ల సమితుల చేత విడిదులు నడిపించే ఆలోచన పుట్టింది. మారేడుమిల్లి దగ్గర వలమూరు విడిది అలా వచ్చిందే. కాగితం మీద ఇందులో మెచ్చుకోదగ్గది ఉంది. ఒక్కో కుటుంబం నుంచి ఒక స్త్రీకి, ఒక పురుషుడికి సమితి సభ్యత్వం ఇచ్చారు. కుటుంబం అంటే మగవాడే అనుకునే ప్రభుత్వ అలవాటుకు అది పెద్ద మార్పే.

కానీ సభ్యత్వం వేరు, అధికారం వేరు. అర్థశాస్త్రవేత్త బీనా అగర్వాల్ సామూహిక అడవుల మీద చేసిన పరిశోధనలో ఈ తేడాను చాలా స్పష్టంగా చూపించారు. రిజిస్టరులో పేరున్నా సమావేశం సంగతి తెలియకపోవడం, తెలిసినా వెళ్ళలేకపోవడం, వెళ్ళినా మాట్లాడలేకపోవడం, మాట్లాడినా పట్టించుకోకపోవడం - ఇన్ని మెట్ల మీద స్త్రీలు ఆగిపోతారు. కమిటీలో పాతిక నుంచి ముప్ఫైమూడు శాతం దాకా స్త్రీలుంటే తప్ప వాళ్ళ మాటకు బరువు రాదని 2010లో వచ్చిన పుస్తకంలో ఆవిడ నిరూపించారు. అలా ఉన్నచోట అడవి కూడా మెరుగుపడిందని గుజరాత్, నేపాల్ అనుభవాలతో చెప్పారు. అంటే స్త్రీలకు చోటివ్వడం దయాదాక్షిణ్యాల విషయం కాదు, అడవికి లాభం.

ఇక డబ్బు సంగతి. అడవిలో విహారానికి డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది. గేటు దగ్గర వసూలు చేసే రుసుం ఒకటి. కేంద్ర, రాష్ట్ర పథకాల నిధులు రెండోది. పర్యాటక సంస్థల పెట్టుబడి మూడోది. ప్రైవేటు రిసార్టుల భాగస్వామ్యం నాలుగోది. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన స్వదేశ్ దర్శన్ కింద సోమశిల, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం మొదలైనవాటిని కలుపుతూ పాత మహబూబ్‌నగర్ జిల్లా పర్యావరణ సర్క్యూట్‌కు దాదాపు 92 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. ములుగు, లక్నవరం, మేడారం, తాడ్వాయి, బొగతలను కలిపిన మరో సర్క్యూట్‌కు దాదాపు 80 కోట్లు. ఈ రెండోదానికి పెట్టిన పేరు గిరిజన సర్క్యూట్! పేరు వాళ్ళది. కాంట్రాక్టు ఎవరిది, కుటీరం ఎవరిది, అందులో ఎన్ని పనిదినాలు గిరిజన స్త్రీలకు దక్కాయి అని అడిగితే, ఆ లెక్కను విడిగా తీసి చూపించే పద్ధతే పథకంలో లేదు. సిమెంటుకూ ఇనుముకూ పద్దులుంటాయి. స్త్రీల పనికి పద్దు ఉండదు.

గేటు డబ్బు విషయంలో చట్టం కొంత దారి చూపింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక పరిరక్షణ ఫౌండేషన్ ఉండాలి. అక్కడ వసూలయ్యే ప్రవేశ రుసుమును మళ్ళీ అక్కడి పనులకే వినియోగించడం, స్థానికులతో కలిసి పర్యావరణ పర్యాటకాన్ని పెంచడం దాని పనుల్లో ఉన్నాయి. అమెరికాలో 2004 నాటి చట్టం ప్రభుత్వ అడవుల్లో వసూలు చేసే విహార రుసుములో కనీసం 80 శాతం వసూలైన చోటే ఖర్చు పెట్టాలంటోంది. అక్కడ కూడా ఆ రుసుం పేదవాళ్ళను అడవికి దూరం చేస్తోందన్న విమర్శ ఉంది. ఆ నేలను మూలవాసుల నుంచి లాక్కున్న చరిత్ర అక్కడా ఉంది. కాబట్టి అది మనకు ఆదర్శమని కాదు. వసూలైన చోటే ఖర్చు అనే సూత్రం వరకు అది సరైనదే. మనం దానికి ఇంకో ప్రశ్న చేర్చాలి: అక్కడ ఖర్చు పెట్టారు సరే, ఎవరి మీద? కొత్త జీపు కొన్నా అక్కడి ఖర్చే. విడిది శుభ్రం చేసే స్త్రీకి కనీస వేతనం ఇచ్చినా అక్కడి ఖర్చే. ఫౌండేషన్ జమాఖర్చుల్లో ఈ రెండింటిలో దేనిది పైచేయో చూడాలి.

అడవి విహారంలో శ్రమ విభజన చూస్తే మన ఇళ్ళలోని విభజనే అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది. గైడు మగవాడు, డ్రైవరు మగవాడు, కౌంటరులో కూర్చునేది మగవాడు. వంట, అంట్లు, దుప్పట్లు ఉతకడం, మరుగుదొడ్లు కడగడం, యాత్రికులు పారేసిన ప్లాస్టిక్ ఏరడం ఆడవాళ్ళ పని. మొదటివాటిలో జీతం ఉంది, యాత్రికులిచ్చే పైడబ్బు ఉంది, నాలుగు మాటలు నేర్చుకుని ఎదిగే అవకాశం ఉంది. రెండోవాటిలో రోజుకూలి తప్ప ఏమీ లేదు. పైగా దాన్ని ఆడవాళ్ళకు సహజంగా వచ్చే పని అంటారు. అడవి గురించి ఆడవాళ్ళకు వచ్చింది వంట ఒక్కటేనా? ఏ దుంప ఏ నెలలో ఊరుతుందో, ఏ ఆకు ఏ జ్వరానికి పనికొస్తుందో, అడ్డాకు ఎక్కడ దొరుకుతుందో, కొండచీపురు ఎప్పుడు కోయాలో రోజూ తిరిగే ఆమెకు తెలుసు. గైడు చెప్పే కథకంటే ఆ పరిజ్ఞానం చాలా విలువైనది. దాన్ని ఉద్యోగార్హతగా ఎందుకు చూడరు? పదో తరగతి పాసవ్వాలి, హిందీ ఇంగ్లీషు రావాలి అని షరతు పెట్టగానే బడికి దూరమైన ఆడపిల్లలు గైడు పనికి పనికిరాకుండా పోతారు.

పొరుగున ఉన్న కేరళలో పెరియార్ పులుల అభయారణ్యాన్ని దేశమంతా ఆదర్శంగా చెప్పుకుంటారు. దాంట్లో నేర్చుకోదగ్గవి నిజంగానే ఉన్నాయి. ఒకప్పుడు అడవిలో దొంగతనంగా చెట్ల బెరడు తీసిన మగవాళ్ళను సంఘంగా కూర్చి, యాత్రికులను అడవిలోకి నడిపించే గైడులుగా మార్చారు. జైలుపాలు కావాల్సిన వాళ్ళు గౌరవంగా జీతం సంపాదించుకుంటున్నారు. అదే అభయారణ్యంలో 2002లో వసంతసేన అనే స్త్రీల బృందం పుట్టింది. దగ్గర ఊళ్ళ ఆడవాళ్ళు వంతులవారీగా రోజూ అడవిలో గస్తీ తిరిగి గంధపు చెట్లనూ జంతువులనూ కాపాడారు. ప్రభుత్వాలు వాళ్ళను ఎంతో పొగిడాయి. కానీ వాళ్ళ గస్తీ జీతం లేని స్వచ్ఛంద సేవ. అడవికి నష్టం చేసిన మగవాళ్ళను మార్చడానికి జీతం అవసరమైంది. అడవిని కాపాడిన ఆడవాళ్ళకు మెచ్చుకోలు సరిపోయింది. ఆ స్త్రీల నిబద్ధతను తక్కువ చేయడం లేదు. వాళ్ళ ప్రేమను ఉచిత శ్రమగా లెక్కగట్టిన వ్యవస్థను ప్రశ్నిస్తున్నాం. ఇంట్లో తల్లి చాకిరీని త్యాగమని పొగిడి జీతం సంగతి దాటేసినట్టే ఇదీ.

నల్లమలలో పరిస్థితి ఇంకా ఘోరం. పులుల కోసం మనుషులు ఉండని చోటు కావాలంటూ అమ్రాబాద్ అభయారణ్యం లోపలి చెంచు పెంటలను, గ్రామాలను బయటికి తరలించే ప్రయత్నాలు చాలా కాలంగా సాగుతున్నాయి. కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఎర చూపుతున్నారు. అదే అడవిలో ఫరహాబాద్ వైపు యాత్రికులకు సఫారీ నడుస్తోంది. తరతరాలుగా పులితో కలిసి బతికిన చెంచు స్త్రీ దుంప తవ్వుకుంటే పులికి ఇబ్బంది, జీపుల్లో వచ్చే యాత్రికుల వల్ల ఇబ్బంది లేదా? దేశంలోని పులుల అభయారణ్యాల కీలక ప్రాంతాల్లో పర్యాటకాన్ని 2012 జూలైలో సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపింది. కొత్త మార్గదర్శకాలు వచ్చాక ఆ అక్టోబరులో మళ్ళీ అనుమతించింది. కీలక ప్రాంతంలో 20 శాతం దాకా పర్యాటకానికి వాడుకోవచ్చని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెంచులకు అంత వాటా ఇస్తామని ఎవరైనా అన్నారా? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తికాకుండా, గ్రామసభ స్వేచ్ఛగా ఒప్పుకోకుండా ఎవరినీ కదిలించకూడదు. ప్యాకేజీ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఒంటరి స్త్రీలను విడి కుటుంబంగా లెక్కగడతారా, అడవి బయట తేనె, జిగురు, దుంపలు లేని ఊళ్ళో ఆమె ఏం చేసి బతుకుతుంది అన్నవి ఆ ఒప్పుకోలుకు ముందే తేలాల్సిన ప్రశ్నలు.

ఈ మధ్య చట్టం కూడా మారింది. 1980 అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అటవీశాఖ కార్యప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక సౌకర్యాలను అటవీయేతర వినియోగం అన్న నిర్వచనం నుంచి ఈ సవరణ తప్పించింది. అంటే వాటికి కేంద్రం ముందస్తు అనుమతి అక్కర్లేదు. గనికి, ఆనకట్టకు ఉన్న వడపోత విడిదికి లేదు. మరోవైపు అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(2) చూడండి. గ్రామసభ సిఫారసుతో అడవిలో ఒక హెక్టారు లోపు వాడుకోగల 13 రకాల సౌకర్యాలను అది పేర్కొంది. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు ఉన్నాయి. విడిది లేదు. ఊరికి అంగన్‌వాడీ కట్టాలంటే గ్రామసభ సిఫారసు, చెట్ల లెక్క కావాలి. యాత్రికుడికి భోజనశాల కట్టాలంటే శాఖ ప్రణాళికలో ఒక పేరా చాలు!

యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నకు అటవీ హక్కుల చట్టం జవాబిచ్చింది. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభది. కోరంలో మూడోవంతు స్త్రీలుండాలి. అటవీ హక్కుల కమిటీలోనూ మూడోవంతు స్త్రీలే. ఇంత స్పష్టంగా ఉన్నా, ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కుపత్రాలను గ్రామసభలకు బదులు వన సంరక్షణ సమితుల పేర ఇచ్చిన ఉదంతాలున్నాయి. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది. సమితి అటవీశాఖ ఉత్తర్వులోంచి పుట్టింది, శాఖ తలచుకుంటే రద్దు చేయగలదు. గ్రామసభ చట్టంలోంచి వచ్చింది. విడిది సమితి చేతిలో ఉంటే ఊరివాళ్ళు లబ్ధిదారులు. గ్రామసభ చేతిలో ఉంటే హక్కుదారులు.

బొర్రా గురించి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఆ అనంతగిరి మండలం గ్రామాల భూముల్లో గనుల లీజుల మీద వచ్చిందే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. గని తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల నీటికి, చదువుకు, వైద్యానికి శాశ్వత నిధిగా పెట్టాలని కూడా అంది. గుహలు చూడటానికి వచ్చే జనం వల్ల వచ్చే డబ్బు కూడా ఆ నేల ఇచ్చిన సంపదే. గనికి వర్తించిన న్యాయం విహారానికి వర్తించకూడదా? పైగా రాయి తవ్వితే అయిపోతుంది. జలపాతం, గుహ ఏటా ఆదాయం ఇస్తూనే ఉంటాయి.

డబ్బుతో కొలవలేనిది ఇంకొకటి ఉంది. అరకు దారిలో థింసా ఇప్పుడు రాత్రిపూట మంట చుట్టూ యాత్రికుల కోసం ఆడే ఆట. ఆదివాసీ స్త్రీల చీరకట్టు అద్దెకు తీసుకుని ఫొటోలు దిగడం ఒక సరదా. పండగకూ పంటకూ పెళ్ళికీ తమకోసం తాము ఆడిన ఆటను, కూలికి ఆడాల్సి రావడం ఎలాంటి మార్పో ఆలోచించాలి. ఆడవద్దనడానికి మనమెవరం? అది వాళ్ళ ఆట, వాళ్ళ ఇష్టం. కానీ ధర చెప్పే హక్కు, తాగి మీదకొచ్చేవాడిని బయటికి పంపే హక్కు, ఫొటో తీయవద్దనే హక్కు, ఈ రాత్రి ఆడం అనే హక్కు ఆడే స్త్రీలకు ఉండాలి. అవి లేనిచోట దాన్ని సంస్కృతి పరిరక్షణ అనడం మోసం. మన్యంలో ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్ళూ పిల్లలూ దారికడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బండ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. తమ నేల మీద నడిచినందుకు తమకు ఇవ్వాల్సింది ఇమ్మని నవ్వుతూ అడిగే సంప్రదాయం అది. గేటు పెట్టడం ఆదివాసీ స్త్రీలకు చేతకాని పనేమీ కాదు. ఏడాదంతా ఉండే గేటు మాత్రం వాళ్ళ చేతిలో లేదు.

కార్యకర్తలుగా మనం ఇప్పుడు చేయగలిగిన పనులున్నాయి. మీరు పనిచేసే ప్రాంతంలో విడిది, జలపాతం గేటు ఉంటే 2005 సమాచార హక్కు చట్టం కింద మూడేళ్ళ వసూళ్ళు, ఖర్చులు, జీతాల పట్టిక అడగండి. జీతాలు స్త్రీ, పురుషుల వారీగా విడగొట్టి ఇమ్మనండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించండి. విడిది పెట్టడానికి, రుసుం పెంచడానికి, ప్రైవేటు వాళ్ళకు ఇవ్వడానికి గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయాలని పట్టుబట్టండి. గేటు పడినా స్త్రీలు పుల్లలకు, ఆకులకు, చింతపండుకు, నీళ్ళకు నడిచే దారులు మూసుకుపోకుండా వాటిని సామూహిక హక్కుల పటంలో గుర్తించాలి. గైడు శిక్షణలో సగం చోట్లు స్త్రీలకివ్వాలి, చదువు షరతు సడలించాలి. వంటకూ శుభ్రతకూ కనీస వేతనం, వారపు సెలవు, ప్రసూతి సెలవు ఉండాలి. గస్తీ తిరిగే స్త్రీకి గస్తీ తిరిగే పురుషుడి జీతమే ఇవ్వాలి.

లైంగిక వేధింపుల సంగతి కూడా మరచిపోవద్దు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న విడిదుల్లో పదిమంది ఉండరు. అలాంటి చోట ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. కొండమీద విడిదిలో రాత్రి పని చేసే అమ్మాయికి ఆ కమిటీ ఉందని చెప్పేదెవరు? రుసుం బోర్డు పక్కన ఆ కమిటీ ఫోను నంబరు కూడా రాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

యాత్రికులుగా వెళ్ళే మన బాధ్యత కూడా కొంత ఉంది. గది అద్దె బేరమాడేముందు ఆ గది ఊడ్చే ఆమెకు రోజుకెంత ఇస్తున్నారో అడుగుదాం. జవాబు రాకపోయినా ప్రశ్న వినబడుతుంది. పదిమంది అడిగితే ఆ జవాబు ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాల్సి వస్తుంది.

అడవి ఉమ్మడి ఆస్తి అంటున్నాం. ఉమ్మడి ఆస్తిలో స్త్రీకి వాటా ఉందని చెప్పించుకోవడానికి మనం ఇళ్ళలో ఎన్నేళ్ళు పోరాడామో తెలుసు. 1985లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరిస్తే తప్ప కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన వాటా రాలేదు. ఆ వాటా కాగితం మీద నుంచి చేతికి రావడం ఇంకా ఎన్నో ఇళ్ళలో మిగిలే ఉంది. అడవి విషయంలోనూ చట్టం వచ్చింది, వాటా రాలేదు. వాటా అంటే ఏడాదికోసారి పంచే చీర కాదు. గేటు తాళం, జమాఖర్చు పుస్తకం, వద్దనే అధికారం - ఈ మూడూ కలిస్తేనే వాటా. అవి అడవి స్త్రీల చేతికి వచ్చేదాకా మన విహారం ఇంకొకరి చాకిరీ మీద సాగుతున్నట్టే.